మాడువాసన

"ఈసారన్నా మాడనివ్వకు," అన్నాడు జిల్వినస్, కోటు జిప్పు గడ్డం దాకా లాక్కుంటూ. "అమ్మ వస్తోంది."

వైవ తల ఊపింది గాని చేతులు ఆపలేదు. బంగాళాదుంప తురుము గాలి తగిలితే చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ తురుముని ఓవెన్‌లో కాల్చి కుగెలిస్ చేసేవాళ్ళకి మధ్యలో ఆగే వీలుండదు. రెండు కిలోల దుంపలు. వెనక పొయ్యి మీద పందిమాంసం ముక్కలు ఉల్లిపాయలతో వేగుతున్నాయి. మూడో దుంప దగ్గరే కుడిచేతి వేళ్ళ కణుపులు గీరుకుపోయి మండడం మొదలైంది. నిన్న సాయంత్రం తొమ్మిదివందల మంది చూస్తుండగా ఇదే చెయ్యి పిడికిలి బిగించి పైకి లేస్తే గడియారం ఆగింది, పదిమంది ఆటగాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఈ వంటింట్లో ఆ చేతిని చూసి ఆగేది ఏదీ లేదు.

"నీ రాతపని కూడా ఇవాళే కదా?" గుమ్మంలోంచి మళ్ళీ అన్నాడు జిల్వినస్. "ముందు ఓవెన్‌లో పెట్టేసి అప్పుడు కూర్చో. అందులో పడ్డావంటే ఇల్లు తగలబడ్డా తెలీదు నీకు."

నవ్వుతూనే అన్నాడు. అతను ఏదన్నా నవ్వుతూనే అంటాడు.

పద్నాలుగేళ్ళ కిందట, పెళ్ళయిన మొదటి చలికాలంలో, అత్తగారు స్తెఫానియ పుట్టినరోజుకి వైవ ఒంటిచేత్తో మొదటిసారి కుగెలిస్ చేసింది. అది ఓవెన్‌లో ఉండగా ఫోన్ మోగింది. జిల్లా రెఫరీల పరీక్ష పాసయ్యావు అని చెప్పడానికి చేశారు. రెండు నిమిషాలనుకున్న మాటలు పది నిమిషాలయ్యాయి. ఆమె తిరిగొచ్చేసరికి పళ్ళెం అడుగు బొగ్గయింది. పదకొండు మంది చుట్టాల ముందు అత్తగారు ముక్కు ఎగబీల్చి, "వైవా, మాడువాసన," అంది. అంతే, కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆ రోజుతో పోయేది. ఆ మాట ఇంట్లో సామెత అయిపోయింది. కారు తాళాలు మర్చిపోతే మాడువాసన. కూతురు గబియ స్కూల్లో మీటింగుకి ఆలస్యమైతే మాడువాసన. డెయిరీ ల్యాబులో తనకి రావలసిన పై ఉద్యోగం తన కింద పని నేర్చుకున్నవాడికి ఇచ్చారని చెప్పి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజున కూడా, జిల్వినస్ ఓదార్పుగా భుజం తట్టి, "ఎక్కడో మాడువాసన వచ్చుంటుందిలే." పరీక్ష పాసైన సంగతి మాత్రం ఆ రోజు చెప్పలేకపోయింది. తరవాత చెప్పే సందర్భం రాలేదు.

జిల్వినస్ కారు వెళ్ళిపోయిన చప్పుడైంది. అత్తగారి పల్లె ఇరవై కిలోమీటర్లు. అక్కడ కట్టెలు కొట్టిపెట్టి ఆవిణ్ణి తీసుకుని వచ్చేసరికి పన్నెండున్నర. వైవ గుడ్లు కొట్టి, పాలు పోసి, వేయించిన మాంసం కలిపి, పళ్ళెంలో సర్ది ఓవెన్‌లోకి తోసింది. పదకొండయింది. చేతులు కడుక్కుని బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచింది.

ఆట అయిన మర్నాడు సాయంత్రంలోగా రెఫరీలు తమ ఆట రికార్డింగు తామే చూసుకుని, తమ తప్పులు తామే రాసి పంపాలి. ఎన్నో నిమిషం, ఏం ఇచ్చావు, ఏం ఇవ్వాల్సింది, కారణం. నిన్నటిది సెమీఫైనల్. వచ్చే శనివారం ఇదే హాల్లో ఫైనల్. లిథువేనియాలో చర్చికి వెళ్ళనివాళ్ళున్న ఊళ్ళు చాలానే ఉన్నాయి, బాస్కెట్‌బాల్ హాలుకి వెళ్ళనివాళ్ళున్న ఊరు ఉండదు. ఈ జిల్లాలో మగవాళ్ళ ఫైనల్‌ని ఒక ఆడది నడిపించిన దాఖలా ఇంతవరకు లేదు. వైవ పేరు ఆ జాబితాలో ఉందని అందరికీ తెలుసు. ఆ పేరు అక్కడ ఉండాలా తీసెయ్యాలా అన్నది, ఇప్పుడు ఆమె రాయబోయే కాగితం మీదే ఉంది.

ఎందుకంటే నిన్న ఆమె ఒక తప్పు చేసింది.

అలాంటి తప్పు ఆమె అంతకుముందు ఎన్నడూ చెయ్యలేదు. పదకొండేళ్ళ కిందట, పరీక్ష పాసైన మూడేళ్ళకి మొదటి ఆట దొరికినప్పుడు, ఆమెకి పని నేర్పిన జిగ్మస్, ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డా ప్రతి పెద్ద ఆటకీ రెఫరీల మీద పైఅధికారిగా, కమిషనర్‌గా వచ్చి స్కోరు బల్ల దగ్గర కూర్చునే జిగ్మస్, మొదటి రోజే చెప్పాడు. "కోచ్ అరిస్తే మొదటిసారి చూడు. రెండోసారి చెప్పు. మూడోసారి ఊదు. నాలుగోసారి అనేది ఉండకూడదు." మరి గ్యాలరీ అరిస్తే అని అడిగింది వైవ. "గ్యాలరీ వాన లాంటిది. వానతో ఎవరన్నా వాదిస్తారా?"

ఈ విద్య ఆమెకి ఒక్క నెలలో పట్టుబడింది. మిగతా కుర్రాళ్ళు తిట్లు తిన్న రాత్రి నిద్రపోలేక బాధపడేవారు. వైవకి ఏమీ వినపడేది కాదు. బంతి, బూట్ల కీచుమనడం, తన విజిల్, అంతే. నీకు చెవులకి తలుపులున్నాయా అని జిగ్మస్ ఆశ్చర్యపోయేవాడు. ఆ తలుపులు ఎక్కడ బిగించుకుందో ఆమె ఆయనకి చెప్పలేదు. అత్తగారి భోజనాల బల్ల దగ్గర, ఆదివారం తరవాత ఆదివారం, ముఖం కదలకుండా, పెదాల చివర చిన్న చిరునవ్వు నిలిపి, సూప్ గిన్నె అందిస్తూ. హాల్లో తొమ్మిదివందల మందిని వినకుండా ఉండడం అంతకన్నా తేలిక. వాళ్ళలో ఎవరికీ ఆమె గురించి ఏమీ తెలియదు కదా.

రికార్డింగు మొదలైంది. మొదటి సగం అంతా బాగానే ఉంది. ఊరి జట్టు కోచ్ స్కిర్మంతస్ మాత్రం గీత దాటి దాటి వస్తున్నాడు. పొడుగాటి మనిషి, ఎర్రటి మెడ, చేతిలో నలిపిన కాగితం. తెర మీద అతని నోరు కదులుతుంటే ఏమన్నాడో వైవకి గుర్తొచ్చింది.

"ఏమ్మా, ఆ అబ్బాయి వాణ్ణి తోశాడా లేక వాడే కాలు జారి పడ్డాడా? కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయావా?"

చూసింది.

"అయ్యో, చూపులే చూపులు! మా ఆవిడ కూడా ఇలాగే చూస్తుంది, తప్పు తనదైనప్పుడు!"

"స్కిర్మంతస్ గారూ, గీత వెనక్కి. ఇదే చెప్పడం."

"చెప్పు తల్లీ, చెప్పు. ఇంట్లో వినేవాళ్ళు లేకే కదా ఇక్కడికొచ్చి చెప్తున్నావు!"

ఊదింది. రెండు అరచేతులతో టీ అక్షరం చూపించింది, టెక్నికల్ ఫౌల్ అని. అవతలి జట్టుకి ఒక ఫ్రీత్రో. ఆ తరవాత అతను గీత దాటలేదు. తెర మీద తన ముఖం చూసుకుంది వైవ. రాతి ముఖం, పెదాల చివర ఆ చిన్న చిరునవ్వు. శభాష్ అనుకుంది.

ముప్పై తొమ్మిదో నిమిషం దగ్గర ఆమె వేలు ఆగింది. ఇప్పుడు వస్తుంది. ఊరి జట్టు ఒక్క పాయింటు ముందుంది. స్కిర్మంతస్ టైమ్‌అవుట్ అడిగాడు. అది అయిపోయి ఆటగాళ్ళు లేస్తున్నప్పుడు గ్యాలరీ ఎత్తుకుంది, డ్రమ్ముల దెబ్బకొక ముక్కగా: మాడు-వా-సన! మాడు-వా-సన!

నిన్న హాల్లో ఆ మాట తలుపులు తోసుకుని లోపలికి వచ్చేసింది. ఒక్క క్షణం ఆమెకి తాను ఎక్కడుందో తెలియలేదు. తన అరచేతుల వైపు చూసుకుంది, కాలిన పళ్ళెం పట్టుకుని ఉన్నట్టు. ఇరవై సెకన్ల తరవాత అవతలి జట్టు కుర్రాడు బుట్ట కిందికి దూసుకొచ్చి ఎగిరాడు. ఊరి జట్టు తొమ్మిదో నంబరు ఆటగాడు ఆ కుర్రాడి మణికట్టు మీద కొట్టాడు. రెండడుగుల దూరంలో ఉంది వైవ. చూసింది. విజిల్ పెదాల మధ్యే ఉంది. చెయ్యి లేవలేదు. ఆట అయిపోయింది. ఊరి జట్టు ఒక్క పాయింటుతో గెలిచింది. ఓడిన జట్టు కోచ్, తెల్లజుట్టు పెద్దమనిషి, అరవలేదు. దగ్గరికి వచ్చి మెల్లగా, "మీరు చూశారు మేడమ్. చూసే ఊరుకున్నారు," అని వెళ్ళిపోయాడు. గెలిచిన స్కిర్మంతస్ మాత్రం ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. "ఎంతైనా మన ఊరి కోడలివి!"

ఇంటికి వచ్చాక సోఫాలో కూలబడి జిల్వినస్‌ని అడిగింది. "ఆ మాట వాళ్ళకెలా తెలిసింది?"

"ఏ మాట? ఓ, అదా." అతను ఆమె వెనక నిలబడి భుజాలు నొక్కాడు. అతని వేళ్ళు బలమైనవి, ఫర్నిచర్ ఫ్యాక్టరీలో రోజంతా చెక్క పట్టే వేళ్ళు. "ఎవడో తాగిన వెధవ అనుంటాడు. కుగెలిస్ మాడని ఇల్లుంటుందా ఈ దేశంలో? ఆడది రెఫరీ అనగానే వాళ్ళకి వంటిల్లే గుర్తొస్తుంది. పట్టించుకోకు." ఆమె కళ్ళు మూసుకుని, తన తరఫున మాట్లాడే మనిషి ఒకడు ఉన్నందుకు లోలోపల ఎంతో మెత్తబడింది.

ఇప్పుడు టైమ్‌అవుట్ మొదటి నుంచీ మళ్ళీ పెట్టింది, కారణం అన్న గడిలో ఏం రాయాలో తేల్చుకోవడానికి. హాలు కెమెరాని ఏడో వరుస ముందున్న కడ్డీకి బిగించారు. మైకు అందులోనే ఉంటుంది. డ్రమ్ములు ఆగాయి. ఎవరో తుమ్మారు. పొద్దుతిరుగుడు గింజలు నమిలి తొక్కలు ఉమ్ముతున్న చప్పుడు కూడా తెలుస్తోంది. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్క గొంతు, నిదానంగా, నవ్వుతూ:

"రెఫరీ! మాడువాసన వస్తోంది! ఇంటికెళ్ళి ఓవెన్ కట్టేసుకో!"

తరవాత నవ్వులు. తరవాత డ్రమ్ము. తరవాత తొమ్మిదివందల మంది.

వైవ వెనక్కి జరిపింది. మళ్ళీ విన్నది. మళ్ళీ జరిపింది. నాలుగోసారికి ఆమె వినడం మానేసి ఆ గొంతు తాలూకు వివరాలు గమనిస్తోంది, ఆటలో తప్పు దొరికినప్పుడు చూసినట్టు, చల్లగా. 'వస్తోంది' అన్నచోట కొంచెం పైకి ఎక్కి దిగడం. చివర్లో గొంతు సవరింపు. చలికాలమంతా తన పక్క దిండు మీంచి వినిపించే సవరింపు. నమ్మలేకపోవడం అంటే బుద్ధికి తెలియకపోవడం అనుకునేది ఇన్నాళ్ళూ. కాదు. బుద్ధికి మొదటిసారే తెలిసింది. నమ్మనిది శరీరం. కాళ్ళు చల్లబడ్డాయి. భుజాలు మాత్రం వెచ్చగా ఉన్నాయి, నిన్న రాత్రి అతను నొక్కినచోట. అక్కడి చర్మాన్ని విప్పి పక్కన పెట్టాలనిపించింది.

"అబ్బ, మళ్ళీ నిన్నటి ఆటేనా?"

పదకొండేళ్ళ గబియ వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తెరిచింది. జుట్టు చెదిరి, నాన్న పాత జట్టు చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతూ. తెర వైపు చూసి నవ్వింది. "ఆ, అక్కడే! నాన్న ఎంత బాగా అన్నాడో కదా! అందరూ పడీ పడీ నవ్వారు."

"నువ్వు అక్కడే ఉన్నావా?" వైవ గొంతు మామూలుగానే వచ్చింది. ఆ మామూలుతనం ఆమెనే భయపెట్టింది.

"నాన్న పక్కనే కదమ్మా కూర్చున్నా. ఆ ఫ్యాక్టరీ అంకుళ్ళు ఉన్నారు చూడు, ఆట మొదలైనప్పట్నించీ నాన్నని ఏడిపిస్తున్నారు, ఇంట్లో కూడా ఈల వేస్తుందా, కాళ్ళు గీత లోపలే పెట్టి పడుకోమంటుందా అని. అప్పుడు నాన్న లేచి అరిచాడు. ఇక వాళ్ళు నాన్న వీపు మీద కొట్టి బీరు తెచ్చి ఇచ్చారు." పాలసీసా ఎత్తి తాగి మూతి తుడుచుకుంది. "నేను కూడా అరిచా."

"నువ్వు కూడా."

"అందరూ అరిచారుగా. నీకు తెలుసు కదా, అది మనింటి జోకే కదా. నువ్వు కూడా నవ్వావు. ఇదిగో చూడు." వేలితో తెర మీద చూపించింది. రాతి ముఖం. పెదాల చివర ఆ చిన్న చిరునవ్వు.

గబియ వేలు అక్కడే ఉంది. వైవ ఆ వేలిని, ఆ చిరునవ్వుని చూసింది. పద్నాలుగేళ్ళుగా కవచం అనుకుని తొడుక్కున్నది, ఎదటివాళ్ళకి ఒప్పుకోలులా కనబడుతోంది. ఈ పిల్ల పుట్టినప్పట్నించీ చూస్తున్న తల్లి ముఖం ఇదే. అనిపించుకుని నవ్వే ముఖం. రేపు ఈ పిల్లని కూడా ఎవరో ఏదో అంటారు, నవ్వుతూ. అప్పుడు ఇది కూడా ఇంతే అందంగా నవ్వుతుంది.

"అమ్మా," అంది గబియ ముక్కు ఎగబీల్చి. "ఏదో కాలుతోంది."

వాసన వంటింటి నిండా ఉంది. వైవకి అది రికార్డింగులోంచే వస్తోందనిపించింది కాసేపు.

*

"చెప్పి వెళ్ళానా లేదా?" జిల్వినస్ చేతులు చాపి తల్లి వైపు చూశాడు. స్తెఫానియ గొంగళి శాలువా కిందినుంచి ఒక చెయ్యి బయటికి తీసి, తన ముందున్న ముక్కని ఫోర్కుతో తిరగేసి, నల్లటి అడుగుని ఒకసారి చూసి, మళ్ళీ బోర్లించింది. చెప్పాల్సిన మాటని కొడుకు చెప్పేవరకు ఓపిక పట్టే మనిషి.

"వైవా," అన్నాడతను, కళ్ళు ఎగరేస్తూ. "మాడు..."

"నిన్న హాల్లో నువ్వే అరిచావు," అంది వైవ.

అతని నోరు ఆ అక్షరం దగ్గరే ఆగింది. గబియ తల్లినీ తండ్రినీ చూసి ఫోర్కు కింద పెట్టింది.

"రికార్డింగులో ఉంది. కెమెరా మీ వరుస ముందే."

"ఓ," అన్నాడు. తరవాత నవ్వాడు. "మరి వినపడదన్నావుగా! నువ్వే కదా చెప్పేదానివి, బంతి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదని! నీకు వినపడదనే అన్నాను."

ఇప్పుడతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకి తెలిసింది, అదే ఎక్కువ భయంగా ఉంది. తనకి వినపడదన్న ధీమా మీదే ఈ మనిషి పద్నాలుగేళ్ళూ మాట్లాడాడేమో.

"రాత్రి అడిగితే ఎవడో తాగిన వెధవ అన్నావు."

"మరేమనాలి? నేనే అని చెప్తే బాధపడవూ?" అతని చెవులు ఎర్రబడ్డాయి. "నా సంగతి ఎప్పుడన్నా ఆలోచించావా నువ్వు? నువ్వు ఆ కోర్టులో నిలబడి మా ఫ్యాక్టరీవాళ్ళ పిల్లల మీద ఊదుతావు. వాళ్ళ మధ్య కూర్చునేది నేను. ఒక్క మాట నేను అనేస్తే వాళ్ళు వంద అనకుండా ఉంటారు. జోకుకి జోకు. అక్కడ అందరూ అరుస్తారు వైవా, అది హాలు!"

"మా ఆయన బతికున్న రోజుల్లో," అంది స్తెఫానియ ఎవరి వైపూ చూడకుండా, "చేపలు పట్టే స్నేహితులందరికీ నా పాడైన పళ్ళ గురించి చెప్పి నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఏమైంది? నలభై ఏళ్ళు కాపురం చేశాం."

వైవ అత్తగారి వైపు తిరిగింది. ముసలావిడ నోరు గట్టిగా మూసుకుని ఉంది. ఇన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి నవ్వగా తాను ఒక్కసారి కూడా చూడలేదని వైవకి అప్పుడు తట్టింది. ఆవిడ మీద కోపం ఎక్కడుందా అని వెతుక్కుంటే చేతికి దొరకలేదు.

ఆమె భర్తని చూసింది. కోచ్‌ని చూసినట్టు, కళ్ళలోకి, మూడు లెక్కపెట్టేంతసేపు. అతను చూపు తప్పించాడు.

"శనివారం ఫైనల్ నాకిస్తే," అంది, "నువ్వు రావచ్చు. అందరిలాగే కూర్చోవచ్చు. ఆట గురించి ఏమన్నా అరువు. ఇంట్లో మాట అక్కడ అంటే మాత్రం బయటికి పంపిస్తాను. ఇదే చెప్పడం."

"ఎవర్ని, నన్నా?" జిల్వినస్ పగలబడి నవ్వాడు. "విన్నావా అమ్మా!"

స్తెఫానియ నవ్వలేదు. మాడిన ముక్కని చిన్న చిన్నగా కోసుకుని తినడం మొదలుపెట్టింది.

*

ఆ సాయంత్రం వైవ కాగితం నింపింది. ముప్పై తొమ్మిదో నిమిషం. ఏం ఇచ్చావు: ఏమీ ఇవ్వలేదు. ఏం ఇవ్వాల్సింది: ఫౌల్, రెండు ఫ్రీత్రోలు. కారణం అన్నచోట చాలాసేపు ఆగి, 'విన్నాను' అని ఒక్క ముక్క రాసి పంపేసింది.

మర్నాడు ల్యాబులో పాల నమూనాల ముందు ఉండగా జిగ్మస్ ఫోన్ చేశాడు.

"ఏంటమ్మాయ్ ఇది? 'విన్నాను' ఏంటి? ఏం విన్నావు?"

"గ్యాలరీని."

"పదకొండేళ్ళకి ఇప్పుడా వినపడడం?" అటువైపు కాగితం తిరగేసిన చప్పుడైంది. "ఇలా రాస్తే పైవాళ్ళేమంటారో తెలుసా? అందరూ 'అడ్డుగా ఆటగాడు ఉన్నాడు, కనబడలేదు' అని రాస్తారు. నువ్వూ అలాగే రాసుకోవచ్చుగా."

"కనబడింది జిగ్మస్ గారూ."

ఆయన దగ్గాడు. "చూశానని రాసినవాళ్ళు ఈ జిల్లాలో నాకు తెలిసి ఇద్దరే. ఒకడు రిటైరయ్యాడు. సరే, మీ ఊరి కోచ్ నువ్వే కావాలంటున్నాడు, ఓడినవాళ్ళు వద్దంటున్నారు. ఇద్దరి మాటా నేను వినను. శనివారం నువ్వే."

వైవకి సంతోషం రావలసినచోట ఇంకో ప్రశ్న వచ్చింది. "ప్రేక్షకుణ్ణి బయటికి పంపమని రెఫరీ అడగొచ్చని రూలు ఉంది కదా?"

"ఉంది. నలభై ఏళ్ళలో ఎవడూ అడగలేదు. అడిగితే పరువు పోయినట్టే. గ్యాలరీకి లొంగిపోయాడంటారు." ఆగి, "ఎందుకు?" అన్నాడు.

"రూలు ఉందో లేదో తెలుసుకుందామని."

ఆ వారమంతా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. జిల్వినస్ మామూలుగానే ఉన్నాడు, మామూలు కన్నా కొంచెం మంచిగా కూడా. గురువారం తనంతట తానే గిన్నెలు కడిగాడు. ఆమె అతని వీపు చూస్తూ నిలబడి, ఈ మనిషి నాకు తెలుసు అనుకోవడానికి ప్రయత్నించింది. తెలిసిన వీపే. శుక్రవారం గబియ తల్లి మంచం చివర కూర్చుని, విజిల్ తాడుతో ఆడుకుంటూ అడిగింది.

"అయితే నీకు నవ్వు రాలేదా? ఒక్కసారి కూడా?"

"రాలేదు."

"మరి నవ్వుతావెందుకు?"

"నవ్వకపోతే ఇంకా ఎక్కువంటారని."

గబియ ఆ తాడుని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

*

శనివారం నాలుగు గంటలకి హాలు నిండిపోయింది. స్కిర్మంతస్ ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చాడు. "రా రా, మనింటి మనిషి! నువ్వుంటే మాకు భయం లేదు." వైవ అతనితో చెయ్యి కలిపి, చిరునవ్వు లేకుండా, "గీత వెనకాల ఉండండి," అంది. అతను మొదటిసారి ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాడు.

ఇవాళ ఆమె చెవులకి తలుపులు వెయ్యలేదు. ఎంత మోత! ఇన్నేళ్ళూ ఇంత మోతలో పరుగెత్తానా అనిపించింది. ముసలాళ్ళ దగ్గులు, చంటిపిల్ల ఏడుపు, "ఒరేయ్ తొమ్మిదీ, పాస్ ఇవ్వరా", "రెఫరీ గుడ్డిది", "కాదురా, మనదే". చాలా మాటలు ఆమె భయపడినంత పదునుగా లేవు. వాన లాంటివే, తడిపి పోతాయి. రెండో క్వార్టర్‌లో ఊరి తొమ్మిదో నంబరు అవతలివాడి మణికట్టు మీద కొట్టగానే ఊదింది. పిడికిలి తనంతట తానే లేచింది. మూడో క్వార్టర్‌లో స్కిర్మంతస్‌కి టెక్నికల్ ఇచ్చింది. హాలు ఈలలతో దద్దరిల్లింది. ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసిపోయి అతను, "మన ఊరి ఉప్పు తింటూ!" అన్నాడు. ఇంకొక్కటి అంటే బయటికే అని చెప్పింది. కూర్చున్నాడు.

నాలుగో క్వార్టర్. మూడు నిమిషాలు మిగిలాయి. ఊరి జట్టు నాలుగు పాయింట్లు వెనక. అవతలి జట్టు టైమ్‌అవుట్ తీసుకుంది. డ్రమ్ములు ఆగాయి. వైవ బంతి నడుముకి ఆనించుకుని, ఏడో వరుసకి ఎదురుగా నిలబడింది. జిల్వినస్ అక్కడే ఉన్నాడు, ఆకుపచ్చ మఫ్లరు, చుట్టూ ఫ్యాక్టరీవాళ్ళు, పక్కన గబియ. ఒకతను అతని చెవిలో ఏదో అన్నాడు. ఇంకొకతను మోచేత్తో పొడిచాడు. జిల్వినస్ ఆమె వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. వద్దు అని ఆ చూపులో ఎంత బతిమాలాలో అంతా బతిమాలింది, దానికి ఆమెకి సిగ్గు వెయ్యలేదు. అతను చూపు తిప్పుకున్నాడు. ఆ క్షణంలో అతను తేల్చుకుంటున్నాడని ఆమెకి తెలిసింది, ఆమెకీ ఆ వరుసకీ మధ్య. ఆ తేల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

లేచాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"రెఫరీ! మాడువాసన! ఇంటికెళ్ళవేంటి, ఓవెన్ చూసుకోవేంటి!"

నవ్వులు మొదలయ్యాయి. డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది. రెండో దెబ్బ పడేలోపు ఆమె విజిల్ ఊదింది, ఒకటే, పొడుగ్గా, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా. ఆటగాళ్ళు బెంచీల మీంచి తలలెత్తారు. డ్రమ్ము పట్టుకున్నవాడి చెయ్యి గాలిలో ఉండిపోయింది.

వైవ స్కోరు బల్ల దగ్గరికి నడిచింది. పరుగెత్తలేదు.

"ఏమైంది?" అన్నాడు జిగ్మస్, సగం లేస్తూ.

"ఏడో వరుస, ఆకుపచ్చ మఫ్లరు. బయటికి పంపాలి. ఆయన వెళ్ళేదాకా ఆట మొదలుపెట్టను."

జిగ్మస్ అటు చూశాడు. ఆయనకి జిల్వినస్ తెలుసు. గబియ మొదటి పుట్టినరోజుకి వాళ్ళింట్లో తాగి పాట పాడాడు. "అమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి, "ఆలోచించుకో. అందరూ చూస్తున్నారు."

"రోజూ చూస్తున్నదే."

ఆయన ఆమెని చూశాడు, తరవాత రూలు పుస్తకం మీద చెయ్యి పెట్టి, తెరవకుండానే, తలుపు దగ్గరున్న గార్డుని వేలితో పిలిచాడు. గార్డు పేరు రాముతిస్. ఆ ఊరివాడే, జిల్వినస్‌తో కలిసి చేపలు పడతాడు. మెట్లెక్కి ఏడో వరుస దగ్గర వంగి ఏదో చెప్పాడు. జిల్వినస్ నవ్వాడు. తరవాత నవ్వలేదు. ఫ్యాక్టరీవాళ్ళు ఎటో చూడసాగారు. అతను లేచి మఫ్లరు సర్దుకుని, పద అన్నట్టు గబియ భుజం మీద చెయ్యి వేశాడు. గబియ ఆ చెయ్యిని మెల్లగా తీసి, కూర్చునే ఉంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, చూపు మాత్రం కోర్టు మీదే ఉంది.

తొమ్మిదివందల మందిలో ఒక్కరూ అరవలేదు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు కింది దాకా వినిపించింది. తలుపు దగ్గర రాముతిస్ అతన్ని నిలబెట్టి, ఒక్కడే వెనక్కి వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"వైవా, అంటే మేడమ్... ఇంతమందిలో... ఆయన అడుగుతున్నాడు, ఇప్పుడు నన్నెక్కడికి వెళ్ళమంటుందీ అని. ఏం చెప్పను?"

వైవ విజిల్ పెదాల దగ్గర పెట్టుకోబోయి ఆగింది.

"ఇంటికెళ్ళి ఓవెన్ చూసుకోమనండి," అంది. "ఇవాళ నేను అందులో ఏమీ పెట్టలేదు."